షోలాపురపు తెలుగు వాకిళ్ళలో ఉస్మానాబాదు మేక

మన తెలుగు భాష మేక విషయంలో మొదటినుంచీ కొంత అన్యాయంగానే నడుచుకున్నది. లోపల క్రూరత్వం దాచుకుని పైకి సాధువులా కనిపించేవాణ్ణి మేకవన్నె పులి అన్నాం. లోన గుండె దడదడలాడుతున్నా బింకంగా నిలబడేవాడిది మేకపోతు గాంభీర్యం అన్నాం. ఎందుకూ కొరగాని వస్తువును మేక మెడ చన్నుతో పోల్చాం. ఆవును తల్లి అని పూజించాం, గేదెను పాడి అని గౌరవించాం. మేకకు మాత్రం మన నుడికారంలో ఒక్క మంచి మాట కూడ మిగల్చలేదు.

అయితే నిజం చెప్పుకోవలసిన సమయం వచ్చినప్పుడు చెప్పుకోవాలి గదా! కన్న ఊళ్ళు విడిచి, మగ్గాన్ని నమ్ముకుని, ఈ షోలాపురం చేరిన మన పెద్దల ఇళ్ళలో పిల్లల గిన్నెలో పాలు పోసినది చాలా చోట్ల ఆవూ కాదు, గేదే కాదు. వాకిట గుంజకు కట్టి ఉన్న నల్లని మేక. దానికి మరాఠీ సోదరులు పెట్టిన పేరు ఉస్మానాబాదీ శేళీ. మన సంఘం ఉగాది సంచికలలో మన పెద్దలను గురించీ, మన మగ్గాలను గురించీ ఎన్నో వ్యాసాలు వచ్చినవి. ఈ మేకను గురించి కూడ నాలుగు మాటలు రాయడం పాత ఋణంలో కొంత తీర్చుకోవడమేనని మేము భావిస్తున్నాం.

ఒకే రాజ్యపు ప్రజలు

ఉస్మానాబాదు అన్న ఊరి పాత పేరు ధారాశివ్. ఆ జిల్లాకు పూర్వం నల్‌దుర్గం ముఖ్యస్థానం. 1853లో నిజాం ప్రభువు బీరారుతోనూ, రాయచూరు దోఆబుతోనూ పాటు ఈ సీమను కూడ ఆంగ్లేయ కుంఫిణీ వారికి అప్పగించవలసి వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ కొన్నేళ్ళు అధికారం చేసినవాడు మెడోస్ టైలరు. ఠగ్గులను గురించి నవల రాసి పేరుపొందిన దొర ఆయనే. 1860లో ఆ సీమ మళ్ళీ నిజాముకు దక్కింది. తరువాత ముఖ్యస్థానం ధారాశివ్‌కు మారింది. కడపటి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరిట ఊరూ, జిల్లా కూడ ఉస్మానాబాదు అయినవి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న మరాఠ్వాడా ప్రాంతమంతా బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడినప్పుడు అందులో భాగమైంది. 1982లో లాతూరు వేరే జిల్లాగా విడిపోయింది. 2023లో ప్రభుత్వం వారు జిల్లాకు ధారాశివ్ అనే పాత పేరే తిరిగి పెట్టారు. ప్రభువులు మారారు, సరిహద్దులు మారినవి, ఊరి పేరు రెండుసార్లు మారింది. మేక పేరు మాత్రం ఉస్మానాబాదీ అనే నిలిచిపోయింది.

ఇక మన సంగతి. షోలాపురం ఆంగ్లేయుల బొంబాయి ఇలాకాలోని ఊరు. దీనికి తూర్పున కొద్ది దూరం పోతే నిజాం రాజ్యం మొదలయ్యేది. భవానీమాత కొలువైన తుళజాపురం ఇక్కడికి సుమారు 45 కిలోమీటర్లే. అది నిజాం రాజ్యంలోనిది. 1860లో బొంబాయి రైలు షోలాపురం దాకా వచ్చింది. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు నిజాం రైలుదారి పడింది. 1877లో షోలాపురంలో మొదటి నూలు మిల్లు వెలిసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1876 నుంచి 1878 వరకు, దక్కను అంతటా ఘోరమైన కరువు. ఒకవంక ఊళ్ళో తిండి లేదు, వేరొకవంక షోలాపురంలో పని ఉంది, నడుమ రైలు ఉంది. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరం జిల్లాల నేతపనివారు ఇటు బయలుదేరడంలో వింత ఏమున్నది? ఆ రాకడ ఒక తరంతో ఆగలేదు. నేడు మనం పూర్వభాగం అని పిలుచుకునే పేటలన్నీ ఆ విధంగా నిండినవే.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి గమనించవలసి ఉన్నది. నిజాం రాజ్యపు తూర్పు కొస నుంచి సాలెవారు వచ్చారు. అదే రాజ్యపు పడమటి కొస నుంచి, తుళజాపురం, నల్‌దుర్గం సంతల మీదుగా, మేక వచ్చింది. ఒకే ప్రభువు ఏలుబడిలో పుట్టి ఒకరినొకరు ఎరుగని ఈ ఇరువురూ పరాయి ఇలాకాలోని ఒక మిల్లుల ఊళ్ళో, ఒకే వాకిట కలుసుకున్నారు. ఇరువురికీ సొంత భూమి లేదు. ఇరువురూ కరువును ఎరిగినవారే.

ఆవు కాక మేకే ఎందుకు?

ఒక్క గది ఇల్లు. ఆ గదిలో సగం మగ్గానికే సరిపోయేది. గుంటమగ్గం అయితే నేల కూడ దానిదే. పిల్లలు కండెలు చుట్టడానికీ, ఆడవాళ్ళు ఆసు పోయడానికీ మిగిలిన చోటు చాలాలి. అట్టి ఇంట్లో ఆవును ఎక్కడ కట్టడం? కట్టినా జొన్నచొప్ప మోపులు కొనాలి. ఆవు ఒట్టిపోతే ఏడాది పొడుగునా తిండి దండుగ. మిల్లులో సమ్మె వచ్చినా, నూలు ధర పెరిగి మగ్గం ఆగినా, ఒక్క రోజులో అమ్ముకోవడానికి ఆవు వీలైన సొత్తు కాదు.

మేక సంగతి అట్లా కాదు. మనిషి మంచం పట్టేంత చోటులో రెండు మేకలు పడుకుంటవి. తుమ్మకాయ, వేపాకు, రేగుకంప, కందిపొట్టు, అన్నం వార్చిన గంజి ఏది పెట్టినా తిని, అయిదు నెలలకు ఈనుతుంది. పుట్టిన మగపిల్లలు సంతకు, ఆడపిల్లలు ఇంటికి. పిల్లవాడి బడి జీతం కట్టవలసిన నాడు ఒక పోతుపిల్ల చాలు. మా నాయనమ్మ మాటల్లో చెప్పాలంటే, ‘‘మగ్గం మగవాడి బతుకు, మేక ఆడదాని బొక్కసం.’’ మగ్గం మీద వచ్చిన కూలి సావుకారు బాకీకి పోయినా, మేక మీద వచ్చిన రూపాయి ఆమె కొంగు ముడిలోనే ఉండేది. మగ్గం ఆగిపోయిన ఒక వర్షకాలంలో ఇద్దరు మనుమలకు జ్వరం తగిలితే, ఎవరి గడపా తొక్కకుండా మందులు తెచ్చినది ఆ కొంగు ముడేనని ఆమె చివరిదాకా గర్వంగా చెప్పుకునేది.

మేకపాలను చిన్నచూపు చూసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవడం మంచిది. దక్షిణాఫ్రికాలో ఉండగా 1912లో గాంధీమహాత్ముడు పాలు మానేశారు. 1918లో ఖేడాలో జబ్బుపడి శల్యమైపోయి, పాలు తాగకపోతే కోలుకోలేరని వైద్యులు చెప్పినా ఒప్పుకోలేదు. మీరు వద్దనుకున్నది ఆవుపాలు, గేదెపాలు కదా, మేకపాలకేమి అడ్డం అని తోవ చూపినది కస్తూరిబా. 1919 నుంచి ఆయన మేకపాలు పుచ్చుకున్నారు. వ్రతం మాట నిలిచినా దాని ఆత్మ దెబ్బతిన్నదని ఆయన తన ఆత్మకథలో బాధపడ్డారు. అది ఆయన మనస్సాక్షికి సంబంధించిన విషయం. మనం గ్రహించవలసినది మాత్రం కస్తూరిబా సంసారపక్షపు తెలివి. ఇంటి మనిషి బతకడానికి ఏది అందుబాటులో ఉన్నదో మొదట చూసేది ఇల్లాలే.

జాతి లక్షణాలు

ఉస్మానాబాదు మేకలలో అధికభాగం నల్లనివే. కొన్నింటికి చెవుల మీదా, నొసటనూ తెల్లని మచ్చలుంటవి. గోధుమరంగువీ, చుక్కలవీ కూడ లేకపోలేదు. కాళ్ళు పొడుగు, చెవులు వాలి ఉంటవి. పోతులకు చాలావరకు కొమ్ములుంటవి; ఆడమేకల్లో కొమ్ములున్నవీ, బోడివీ రెండూ కనబడతవి. ఎదిగిన మేక సుమారు 30 కిలోల పైచిలుకు తూగుతుంది. కవలల ఈత ఈ జాతిలో మామూలు. పాలు రోజుకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు, సుమారు నాలుగు నెలల పాటు ఇస్తుంది. ఉత్తరాదిని జమునాపారీ వంటి మేకలు ఇంతకంటె ఎక్కువ పాలిస్తవి, నిజమే. కాని యమున ఒడ్డున పెరిగే పచ్చదనం బాలాఘాటు గుట్టల్లో ఎక్కడిది? వాన అరకొరగా పడే ఈ నల్లరేగడి సీమలో, రాళ్ళ నడుమ ముళ్ళకంప మేసి, ఇద్దరు బిడ్డలను సాకి, ఇంటికి కూడ ఒక గిన్నెడు పాలివ్వడమే దీని గొప్ప.

ఈ జాతిని ఒక రాజు గాని, ఒక పండితుడు గాని తయారు చేయలేదు. ఏ మేక కరువులో కూడ పాలు విడవలేదో, ఏది కవలలను ఈని రెంటినీ దక్కించుకున్నదో, దాని ఆడపిల్లను ఉంచుకుని తక్కినవాటిని అమ్ముతూ వచ్చిన భూమిలేని కూలిజనం, అందులో ముఖ్యంగా ఆడవాళ్ళు, తరతరాలుగా దీన్ని తీర్చిదిద్దారు. ప్రభుత్వ శాస్త్రజ్ఞుల చూపు తరువాత పడింది. 1968లో ఫల్టణ్‌లో స్థాపితమైన నింబకర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వారు ఈ మేకపై పనిచేశారు. 1979లో మథుర దగ్గర మఖ్‌దూంలో మేకలకోసమే కేంద్ర పరిశోధన సంస్థ ఏర్పడింది. కర్నాల్‌లోని జాతీయ పశుజన్యు వనరుల సంస్థ వారి పట్టికలో నేడు ఉస్మానాబాదీ ఒక గుర్తింపు పొందిన జాతి.

మా నాయనమ్మ నియమాలు

మేము చిన్ననాడు చూసిన పెంపకం కొంత ఇక్కడ రాస్తున్నాం. అందులో చాలావరకు నేటి పశువైద్యులు చెప్పే మాటలకు సరిపోవడం విశేషం.

మేక ఎండకు ఓర్చుకుంటుంది, చలికి కొంత ఓర్చుకుంటుంది. తడికి మాత్రం ఓర్వదు. అందుచేత వానకాలంలో మేక కింద ఎత్తుగా పలకలు పరిచి, మూత్రం కిందికి జారిపోయేట్టు చూసేది నాయనమ్మ. మేత నేలమీద వేసేది కాదు. మోపు కట్టి తల ఎత్తుకు వేలాడదీసేది. తొక్కిన మేత మేక ముట్టదు, ముట్టితే కడుపులో నట్టలు పెరుగుతవి. వానలకు ముందు ఒకసారి, వానలు వెలిసిన తరువాత ఒకసారి నట్టల మందు పోయించాలని నేడు వైద్యులు చెబుతారు.

చూడి మేక అయిదు నెలలకు ఈనుతుంది. చివరి నెలన్నరలో పాలు పిండడం మానేసి, పిడికెడు జొన్నలూ, కందిపొట్టూ, కొంచెం తెలకపిండీ పెట్టేది. ఈనిన గంటలోపల పిల్లకు ముర్రుపాలు తాగించాలి. ఇది తప్పితే పిల్ల రోగాలకు తట్టుకోలేదు. మేకకు రెండే చన్నులు గదా. ‘‘ఒకటి పిల్లలది, ఒకటి మనది’’ అని నాయనమ్మ పంపకం. కవలలు బలహీనంగా ఉంటే రెండూ వాటికే వదిలేసేది. మనుమలు మారాం చేసినా లెక్కచేసేది కాదు. నేటి పిల్ల రేపటి పాడి అని ఆమె లెక్క.

పోతును పాలిచ్చే మేకలకు దూరంగా కట్టాలి. దాని వాసన పాలకు పడుతుంది. మేకపాలు వాసన అని ముక్కు మూసుకునేవారు చాలామంది ఈ ఒక్క జాగ్రత్త లేకనే అట్లా అంటున్నారు. పొదుగు కడిగి, చెయ్యి కడిగి, పొడి గిన్నెలో పిండి, వెంటనే కాచితే ఆ పాలకు వంక పెట్టేవారుండరు. కాచడం మాత్రం మానరాదు. పచ్చిపాల వల్ల బ్రూసెల్లోసిస్ అనే జ్వరం మనుషులకు సోకుతుంది. మరొక మాట. ఏడాది నిండని పసివాడికి తల్లిపాలకు బదులు మేకపాలే ఆహారమని పెట్టకూడదు. రక్తం పట్టడానికి కావలసిన ఫోలేటు మేకపాలలో బహు తక్కువ. మన పెద్దలకు ఈ సంగతి తెలియదు. మనకు తెలుసు గనుక పాటించాలి.

మేత విషయంలో ప్రాణం తీసేవి రెండు. నీళ్ళు చాలక వాడిన లేత జొన్న మేస్తే నాము తగిలి ఘడియలో పడిపోతుంది. పెళ్ళి పందిట్లో మిగిలిన అన్నం గంపెడు పెడితే కడుపు ఉబ్బి చస్తుంది. జాలిపడి పెట్టిన అన్నమే పగవాడి విషంలా పనిచేస్తుందన్నమాట. బీడీలు చుట్టే ఇళ్ళలో పొగాకు చేట మేకకు అందనంత ఎత్తున ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

మేము చేసిన పొరపాట్లు

మంచి మాత్రమే రాసి చెడు దాచడం చరిత్ర కాదు. మా వీధిలో జరిగిన రెండు సంగతులు కూడ చెబుతాం.

ఒక ఏడు వానకాలంలో సంతనుంచి ఒక మేకను తెచ్చి, ఆనాడే తక్కిన మేకల నడుమ కట్టాం. చవకగా దొరికిందని సంతోషపడ్డాం. వారం తిరగకుండా దాని ముక్కు కారడం మొదలైంది. నోట పుండ్లు, దగ్గు, ఆపైన పారుడు. వీధిలోని పదకొండు మేకలలో ఏడు పోయినవి. అది పారుడు రోగం, వైద్యులు పి.పి.ఆర్. అంటారు. మనదేశంలో దీన్ని మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. దరిమిలా అన్ని దిక్కులకూ పాకింది. మూడు నెలలు దాటిన పిల్లకు ఒక్క టీకా వేయిస్తే సుమారు మూడేళ్ళ రక్షణ ఉంటుంది. మా వీధిలో ఒక్కరూ వేయించలేదు. కొత్త మేకను మూడు వారాలు విడిగా కట్టి ఉంచి చూడాలన్న పాత నియమం కూడ మరచిపోయాం. ఆ ఏడు మేకలలో మూడు ఒక వితంతువువి. బీడీల కూలి మీద ఇద్దరు ఆడపిల్లలను చదివించుకుంటున్న ఇల్లాలు ఆమె. ఆ యేడు పెద్దపిల్ల చదువు ఆగిపోయింది. మేకలు మళ్ళీ వచ్చినవి గాని ఆ చదువు మళ్ళీ సాగలేదు. టీకా మందు ఖరీదుకు, ఆ పిల్ల చదువుకు పోలికెక్కడ?

రెండవ సంగతి వేరు విధమైనది. ఆఫ్రికా నుంచి వచ్చిన బోయరు జాతి పోతులకు ఇటీవలి కాలంలో మంచి గిరాకీ ఏర్పడింది. అది మాంసానికి పేరుపడిన జాతి. మందలు పెట్టి వ్యాపారం చేసేవారికి అది లాభమే కావచ్చు. కాని మా వీధిలో కొందరు, పిల్లలు బరువు తూగుతవని ఆశపడి, మొదటి చూలు చిన్నమేకలను కూడ ఆ బరువైన పోతుకు కట్టించారు. ఒకటి ఈనలేక చచ్చింది. దక్కిన సంకరపు పిల్లలు బరువు తూగినవి, మంచి ధరకు పోయినవి. కాని ఇంట ఉంచుకున్న ఆడపిల్ల వెనుకటి తల్లిలాగా వాకిట గిన్నె నింపలేదు. పైగా దానికి మేతా ఎక్కువే, జబ్బులూ ఎక్కువే. సంకరం తప్పని మేము అనడం లేదు. ఏ అవసరానికి ఏ జాతి అన్న వివేకం మాత్రం ఉండాలి. ఒకసారి కలగాపులగమైన జాతిని మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఇకముందు

2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14 కోట్ల 89 లక్షల దాకా ఉన్నవి. మేకల సంఖ్యకు లోటు లేదు. లోటు ఎక్కడంటే, ఇది ఉస్మానాబాదీ అని చూపి చెప్పగలిగిన శుద్ధమైన పోతు వీధికొకటి దొరకకపోవడంలో ఉన్నది. ఏ మేకను ఉంచాలో, ఏది అమ్మాలో ఎరిగిన ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్ళిపోవడంలో ఉన్నది.

మిల్లుల గొట్టాలు చల్లారి చాలాకాలమైంది. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. మన పిల్లలు పూణెలోనూ, హైదరాబాదులోనూ ఉద్యోగాలు చేస్తున్నారు. వారిని వెనక్కి వచ్చి మేకలు కాయమనడం మా ఉద్దేశం కాదు. కాని నేటికీ బీడీ చుట్టి బతికే ఆడవాళ్ళు మన పేటలలో వేలమంది ఉన్నారు. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీల కొరకు పదివేల ఇళ్ళ కాలనీ వెలిసింది. అట్టి ఇళ్ళలో ఒక్క మంచి మేక ఈనాడు కూడ కొంగు ముడే. 2016లో లాతూరుకు రైలు మీద తాగునీరు తీసుకుపోవలసి వచ్చిన కరువును మనం చూశాం. ఆ కరువు మళ్ళీ రాదని ఎవరు చెప్పగలరు? వచ్చిన నాడు ముళ్ళకంప మేసి బతికే సొత్తు ఎవరి ఇంట ఉన్నదో వారే ముందుగా తేరుకుంటారు.

అందుచేత మన సంఘం వారికి మా మనవి రెండే. ఏటా వానలకు ముందు ఒక ఆదివారం పశువైద్యులను పిలిపించి పేటలలోని మేకలకు టీకాలు వేయించే ఏర్పాటు చేయవలెను. తుళజాపురం వైపు నుంచి మంచి ఉస్మానాబాదు పోతును ఒకదాన్ని ఉమ్మడిగా తెచ్చి ఉంచి, అయినవారి నడుమే జత కలవకుండా రెండేళ్ళకొకసారి దాన్ని మారుస్తూ ఉండవలెను. ఇరవై ముప్పై మేకలకు ఒక్క పోతు చాలును. ఇందుకయ్యే ఖర్చు ఒక సభా వేదికను అలంకరించే పూలదండల ఖర్చుకు మించదని మా అంచనా.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసుకుంటాం. ఆ వేపకొమ్మ తుంచుకు వచ్చినప్పుడు మిగిలిన ఆకు మేకకు వేసేది మా నాయనమ్మ. ‘‘దానికీ పండగే గదరా’’ అనేది. ఆ మాట మన ఇళ్ళలో మరి కొన్ని ఏళ్ళు వినబడాలని కోరుకుంటూ, సోదరీ సోదరులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకుంటున్నాం.